పడిపోయిన చేతికి పని నేర్పే చదువు – దాని ఖర్చు ఎవరిది?

పక్షవాతం వస్తే పూర్వజన్మ పాపం అనేవాళ్ళూ, తాయెత్తు కట్టేవాళ్ళూ మనకి ప్రతి ఊళ్ళోనూ దొరుకుతారు. పడిపోయిన చేత్తో మళ్ళీ అన్నం కలుపుకోవడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టు మాత్రం జిల్లా కేంద్రంలో కూడా దొరకడం కష్టం. ఎందుకు? ఇది కర్మ కాదు. దీనికో చరిత్ర ఉంది, అందులో డబ్బు లెక్క ఉంది.

ఈ విద్యకి మన దేశంలో మొదటి స్కూలు 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో మొదలైంది. మొదలుపెట్టినావిడ కమలా నింబ్కర్. పుట్టింది అమెరికాలో, అసలు పేరు ఎలిజబెత్ లండీ. పెళ్ళి చేసుకుని మన దేశానికి వచ్చేసింది, తర్వాత మళ్ళీ అమెరికా వెళ్ళి ఈ విద్య నేర్చుకుంది. ఓడ టిక్కెట్టూ విదేశీ ఫీజూ భరించగలిగే ఇళ్ళు అప్పట్లో ఎన్ని? ఆవిడ ఆ విద్యని బొంబాయికి తేవడం అందుకే పెద్ద విషయం. పైగా కె.ఇ.ఎం. మునిసిపాలిటీ ఆసుపత్రి. అంటే పన్నుల డబ్బుతో నడిచేది, హుండీ డబ్బుతో కాదు.

స్కూలు పెట్టారు సరే, అందులో చేరగలిగేదెవరు? ఇలాంటి ప్రశ్న అంతకు ఎనిమిదేళ్ళ ముందే అంబేద్కర్ వేశారు. 1942లో వైస్రాయి లిన్‌లిత్‌గోకి ఇచ్చిన వినతిపత్రంలో ఆయన, దళిత విద్యార్థులకి ఆర్ట్స్, లా డిగ్రీలు చాలవనీ, సైన్సు, సాంకేతిక చదువులు కావాలనీ, అవి వాళ్ళ స్తోమతకి మించినవనీ రాశారు. బెనారస్, అలీగఢ్ విశ్వవిద్యాలయాలకి ప్రభుత్వమిస్తున్న గ్రాంట్లు చూపించి మరీ అడిగారు. 1944లో మొదలైన పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పుల వెనక ఉన్నది ఈ వాదనే. దయ చూపమని కాదు, వాటా ఇమ్మని!

ఈ చదువులో ఫీజు ఒక్కటే ఖర్చు కాదు. ప్రపంచ సమాఖ్య ప్రమాణాల ప్రకారం విద్యార్థి కనీసం 1000 గంటలు రోగుల దగ్గర పనిచెయ్యాలి. ఆ గంటలు ఆసుపత్రి టైములోనే గడవాలి కాబట్టి పగలు ఇంకో పని చేసుకుని చదువుకునే వీలుండదు. కూలి ఇంటి పిల్ల అయితే ఆ సంపాదన కూడా ఫీజు లెక్కలోకే వస్తుంది. ఈ లెక్క ఎవరూ కట్టరు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక వృత్తి విద్యా కోర్సుల్లోకి మొదటి తరం పిల్లలు పెద్దఎత్తున వచ్చారు. కానీ ప్రభుత్వం కట్టాల్సిన డబ్బు ఆలస్యమైతే దెబ్బ పడేది పిల్లల మీదే. 2025లో తెలంగాణలో బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలు బంద్ కూడా చేశాయి.

మా బంధువుల అమ్మాయి ఈ కోర్సే పూర్తి చేసింది. ప్రభుత్వం డబ్బు రాలేదని కాలేజీవాళ్ళు సర్టిఫికెట్లు ఇవ్వలేదు. తిరుపతి వెళ్ళి మొక్కుకోమని సలహా ఇచ్చినవాళ్ళే ఎక్కువ. వాళ్ళమ్మ మొక్కలేదు. మెడలో గొలుసు తాకట్టు పెట్టి, కాలేజీలో డబ్బు కట్టి, రసీదు రాయించుకుని సర్టిఫికెట్లు తెచ్చుకుంది. ప్రభుత్వం డబ్బు వచ్చాక తిరిగిస్తామని ఆ రసీదు మీదే రాసుంది. ఇంకా ఇవ్వలేదు.