దమ్ము గేరు

ముందు వాసన తగిలింది. మోటారు వైండింగ్ మీది వార్నిష్ కమురు. బ్యాటరీ వైరు పీకేలోపే రెండో మోటారూ పోయింది.

2008 సంక్రాంతికి ముందు వారం. ధవళేశ్వరంలో మా బాబాయ్ ట్రాక్టరు షెడ్డు. 2002లో టోక్యోలో మొదలైన ఆసియా పసిఫిక్ విద్యార్థుల రోబోకాన్ ఆ ఏడు పుణేకి వస్తోంది. ఆట పేరు 'గోవింద'. రోబోలు వెన్నకుండలు అందుకోవాలి! కృష్ణాష్టమికి వీధిలో ఉట్టి కొట్టినవాళ్లం, మాకు పూనకం వచ్చేసింది. దేశపోటీకి రోబో కట్టేద్దామని కూర్చున్నాం. వేగం ఉంటే చాలనుకున్నాం. హైదరాబాద్ వెళ్లి, కోఠి గుజరాతీ గల్లీలో నిమిషానికి వెయ్యి చుట్లు తిరిగే 12 వోల్టుల గేరు మోటార్లు నాలుగు కొనుక్కొచ్చాం.

బల్లమీద పెడితే ఈలలు వేశాయి. 24 కిలోల చట్రానికి బిగించి నేలమీద దింపితే వణికాయి, ఆగాయి, కమిలాయి.

బాబాయ్ మెల్లగా వచ్చి, చక్రం చేత్తో తిప్పి చూశాడు.

"దాళ్వా దమ్ములోకి ట్రాక్టరు ఏ గేర్లో దింపుతామురా?"

"లో గేర్లో బాబాయ్."

"మరి దీన్ని టాప్ గేర్లో దింపారేంటి?"

ఆ మాటతో పుస్తకంలోని గీత నాకు కళ్లముందు కదిలింది. ఈ రకం మోటారు ఖాళీగా తిరిగితే వేగం ఎక్కువ, బలం సున్నా. బిగపట్టేస్తే బలం ఎక్కువ, వేగం సున్నా. అప్పుడు తాగిన కరెంటంతా వేడే. మధ్యలో, ఖాళీ వేగంలో సగం దగ్గర, దాని శక్తి పతాకస్థాయిలో ఉంటుంది. మేము కొన్నది ఖాళీ వేగాన్ని చూసి.

సుద్దముక్కతో షెడ్డు గచ్చుమీదే లెక్క వేశాం. సెకనుకు సెకనుకు 2 మీటర్ల చొప్పున వేగం పెరగాలంటే 48 న్యూటన్లు, రాపిడికి మరో 12. నాలుగు చక్రాలకు పంచితే తలా 15. చక్రం వ్యాసార్ధం 5 సెంటీమీటర్లు. అంటే మోటారుకు 0.75 న్యూటన్ మీటర్లు. దుకాణంలో అడిగే లెక్కలో ఏడున్నర కేజీ-సెంటీమీటర్లు. అది మామూలుగా పరుగెత్తడానికే. మోటారు బిగుసుకునే బలం దానికి మూడింతలైనా ఉండకపోతే మళ్లీ ఇదే కమురు. ఇంత చిన్న గుణకారం కొనేముందు చెయ్యలేదే అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మళ్లీ కోఠి. ఈసారి అదే రకం, 300 చుట్లవి. వేగం మూడోవంతుకు పడింది, ఖాళీగానే సెకనుకు మీటరున్నర. బలం మాత్రం దాదాపు మూడింతలైంది.

భోగి ముందురోజు సాయంత్రం. గచ్చుమీద నాలుగు మీటర్లకు గీత గీశాం. రోబో కదిలింది. చివర్లో బాబాయ్ తన తోలుచెప్పు విడిచి అడ్డంగా పెట్టాడు. చక్రాలు ఒక్కసారి మూలిగాయి. చెప్పు జరిగింది.

"ఆయ్, ఇప్పుడు దమ్ముకి పనికొస్తాదిరా," అన్నాడు.