చింతచెట్టు నీడన మూసీ వరద స్మరణ

హైదరాబాదు: అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక పురాతన చింతవృక్షం ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ నది ఉప్పొంగి నగరాన్ని ముంచెత్తగా, సుమారు 150 మంది ఈ చెట్టు కొమ్మలనెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. నాడు ఈ స్థలం అఫ్జల్ పార్కు; ఆసుపత్రి భవనం అటుపిమ్మట వెలసింది. ఆ వరదలో దాదాపు 15 వేల మంది మరణించారని అంచనా.

వరద వార్షికోత్సవం నాడు నగరాభిమానులు, చరిత్రకారులు చెట్టు కిందనే సమావేశమై మృతులకు నివాళులర్పించడం ఇటీవలి దశాబ్దాలలో ఆనవాయితీ అయింది. వేదిక, ఆర్భాటం కన్నా ఆ చెట్టే శ్రోతలకు ఎక్కువ చెబుతుంది.

విపత్తు అనంతరం ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను రప్పించింది. ఎగువన జలాశయాలు నిర్మించి వరదను నిలువరించాలని 1909లో ఆయన సూచించారు. తత్ఫలితంగా మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. నేటి నగరవాసులలో పలువురికి ఇవి మంచినీటి చెరువులుగానే పరిచయం. వరద కాపుగా వీటి పుట్టుక మరుగున పడింది. జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర నిర్మాణాలను నియంత్రిస్తూ 1996లో 111 జీవో రాగా, ఆ ఆంక్షలను తొలగిస్తూ 2022లో 69 జీవో వెలువడింది.