సూళ్ళూరుపేటకు ముందు

మన సంఘ చరిత్ర రాసినవారు చాలామంది 1865లో మైలియస్ దొరగారు సూళ్ళూరుపేటలో అడుగుపెట్టడంతో మొదలుపెడతారు. ఆయన్ని పంపిన ఊరిని ఒక్క వాక్యంతో దాటేస్తారు. ఈ జూబిలీ సంచికలోనైనా ఆ ఊరి మాట కాస్త వివరంగా చెప్పుకుందాం.

ఉత్తర జర్మనీలో ల్యూనెబుర్గ్ బీడు నేలల మధ్య, ఎర్ట్‌సె అనే చిన్న ఏటి పక్కన ఉంది హెర్మన్స్‌బుర్గ్. ఇసుక నేల. గొర్రెలు, తేనెటీగలు, కొద్దిపాటి రై పంట, అదే ఒకప్పటి బతుకుతెరువు. ఆగస్టులో బీడంతా ఊదారంగు పూలు పూస్తుంది. పాతకాలపు రైతు ఇళ్ళలో మనుషులకూ పశువులకూ ధాన్యానికీ ఒకటే కప్పు, దాని కొసన ఎదురుబదురుగా రెండు చెక్క గుర్రం తలలు.

కోట చూడాలంటే దక్షిణాన సెల్లెకు పోవాలి. అక్కడ డ్యూకులు ఏలారు. డెన్మార్క్ రాణి కరోలీన్ మటిల్డా 1772లో దేశం వదిలి వచ్చి, మూడేళ్ళకు అక్కడే కన్నుమూసింది. యాత్రికులకు ఇష్టమైన కథే, కానీ మన కథ కోటలో పుట్టింది కాదు.

అది లూడ్విగ్ హార్మ్స్ పాస్టరుగారి ఊళ్ళో పుట్టింది. పల్లె జనంతో ఆయన వాళ్ళ ప్లాట్‌డాయిచ్ యాసలోనే మాట్లాడేవాడు. 1849లో ఆయన తెరిచిన మిషను బడిలో చేరినవాళ్ళు ఎక్కువగా రైతుబిడ్డలు, చేతిపనివాళ్ళు. 1853లో చందాల డబ్బుతో 'కాండాసె' అనే సొంత ఓడనే కట్టించాడు. సముద్రం ఎరగని పల్లెకు ఓడ! ఎనిమిదిమంది మిషనరీలు, వాళ్ళతో పల్లెవాళ్ళు తూర్పు ఆఫ్రికాలోని ఒరోమోల కోసం బయలుదేరారు. అక్కడ దిగడం కుదరక నేటాల్ చేరి, అక్కడా ఒక హెర్మన్స్‌బుర్గ్ కట్టుకున్నారు.

తెలుగు నేలకు మాత్రం, అంతకుముందు లైప్‌చిగ్ మిషను తరఫున తమిళ దేశంలో పనిచేసిన మైలియస్ వచ్చాడు. 1865 నవంబరులో హార్మ్స్ చనిపోయాడు. మరుసటి ఏడే ప్రష్యా హానోవర్ రాజ్యాన్ని కలిపేసుకుంది. 1878లో పెళ్ళి ఆరాధనక్రమం మీద వచ్చిన తగవుతో, హార్మ్స్ తమ్ముడు టేయోడోర్ రాష్ట్ర సంఘం నుంచి విడిపోయాడు. ఒకే పల్లెలో రెండు లూథరన్ గుడులయ్యాయి. మన సంఘాల్లో తగాదాలు చూసి నిట్టూర్చేవాళ్ళు ఇది గుర్తుంచుకోవచ్చు.

పక్కనే బెర్గెన్, ఆ దగ్గర్లోనే నాజీల బెల్సెన్ శిబిరం. ఆన్ ఫ్రాంక్ ప్రాణం పోయింది అక్కడే, 1945లో. ఆ చోటు చూడకుండా తిరిగొస్తే ఆ ప్రాంతాన్ని సగమే చూసినట్టు. వెళ్ళదలచినవారు సెల్లె దాకా రైల్లో పోయి, అక్కడ బస్సెక్కాలి. 2015 నుంచి హెర్మన్స్‌బుర్గ్ జూడ్‌హైడె మునిసిపాలిటీలో భాగం.