రొట్టె పక్కన ఏముంది? పెల్లాగ్రా చరిత్ర

ఇంట్లో కాల్చుకున్న రొట్టె మేలైన ఆహారమని ఈనాడు అందరమూ అంటున్నాం. పిండి, ఉప్పు, నీళ్ళు మాత్రమే అందులో పడే సరుకులు. నిల్వ కోసం వేసే రసాయనాలు లేవు, చక్కెర లేదు, ఖర్చూ తక్కువ. ఈ మాటల్లో అసత్యం లేదు. కానీ వైద్యచరిత్రలో ఒక విషాదాధ్యాయం ఉంది. అందులో లక్షలాది పేద కుటుంబాలు ప్రతి పూటా ఇంట్లో కాల్చిన మొక్కజొన్న రొట్టెనే తిన్నాయి. తింటూనే జబ్బుపడ్డాయి. కొందరికి మతి చలించింది, చాలామంది మరణించారు. అదే మొక్కజొన్న రొట్టెను వేల ఏళ్ళు తిన్న మరొక ప్రాంతపు ప్రజలకు మాత్రం ఆ జబ్బు లేదు. తేడా కొంత రొట్టె చేసే తీరులో ఉంది, కొంత రొట్టె పక్కన వడ్డించే వాటిలో ఉంది.

ఆ వ్యాధి పేరు పెల్లాగ్రా. మన హైదరాబాదుకూ, మన జొన్నరొట్టెకూ దాని చరిత్రలో చోటుంది. అందువల్ల ఆ కథను కొంత వివరంగా చెప్పుకోవడం అవసరం.

వ్యాధి స్వరూపం

పెల్లాగ్రా నయాసిన్ అనే విటమిన్ లోపం వలన వస్తుంది. దీనినే విటమిన్ బి3 అని కూడా అంటారు. మన శరీరం దీనిని ఆహారం నుండి నేరుగా గ్రహిస్తుంది. అది చాలనప్పుడు మాంసకృత్తులలోని ట్రిప్టోఫాన్ అనే ఎమైనో ఆమ్లం నుండి కొంత తయారుచేసుకుంటుంది. సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ నుండి ఒక మిల్లీగ్రాము నయాసిన్ ఏర్పడుతుంది. ఈ రెండు దారులూ మూసుకుపోయినప్పుడు వ్యాధి బయటపడుతుంది.

ఎండ తగిలే చోట, అంటే ముంజేతుల మీద, పాదాల మీద, మెడ చుట్టూ చర్మం మొదట కందిపోయినట్లు ఎర్రబడి, తరువాత నల్లబడి, గరుకై, పొలుసులు రాలుతుంది. రెండు చేతుల మీదా, రెండు కాళ్ళ మీదా ఒకే తీరున మచ్చలు రావడం దీని ప్రత్యేకత. నాలుక ఎర్రగా పుండవుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి. నిద్రలేమితో, దిగులుతో మొదలై మతిభ్రమణం దాకా మనసు దెబ్బతింటుంది. చికిత్స లేకపోతే మరణం సంభవిస్తుంది. డెర్మటైటిస్, డయేరియా, డిమెన్షియా, డెత్ అనే నాలుగు ‘డి’లుగా వైద్యవిద్యార్థులు దీనిని గుర్తుపెట్టుకుంటారు.

సున్నపు నీటిలో ఉడికిన గింజలు

మొక్కజొన్న పుట్టినిల్లు మెక్సికో ప్రాంతం. అక్కడి స్త్రీలు గింజలను నేరుగా పిండి పట్టేవారు కాదు. సున్నం కలిపిన నీటిలో ఉడికించి, రాత్రంతా అందులోనే నానబెట్టేవారు. ఉదయం కడిగి, పొట్టు పోగొట్టి, రాతిమీద నూరి ముద్ద చేసేవారు. ఆ ముద్దను అరచేతుల మధ్య తట్టి పెనం మీద కాల్చేవారు. అదే టోర్టియా. మనం తాంబూలంలో వాడే సున్నం వంటిదే ఈ సున్నమూను. కొన్నిచోట్ల సున్నానికి బదులు కట్టెల బూడిద వాడేవారు.

పొట్టు తేలికగా ఊడుతుంది, ముద్ద చక్కగా అంటుకుంటుంది, రుచి బాగుంటుంది. వారికి తెలిసిన లాభాలు ఇవి. తెలియని లాభం మరొకటి ఉంది. మొక్కజొన్నలో నయాసిన్ లేకపోలేదు. కానీ అందులో అధికభాగం ఇతర పదార్థాలతో గట్టిగా బంధింపబడి ఉంటుంది, పేగులు దానిని గ్రహించలేవు. సున్నపు నీటి క్షారగుణం ఆ బంధాన్ని విడదీస్తుంది. దీనికి తోడు వారి భోజనంలో చిక్కుళ్ళ జాతి గింజలు, గుమ్మడి, మిరప నిత్యం ఉండేవి. పేదవారి భోజనమే అయినా అది సమగ్రమైన భోజనం.

గింజలు మాత్రమే ఓడ ఎక్కాయి

కొలంబస్ యాత్రల తరువాత మొక్కజొన్న ఐరోపా చేరింది. సున్నపు నీటి వంట మాత్రం చేరలేదు. గోధుమ కంటే ఎక్కువ దిగుబడి, తక్కువ ధర ఉండటంతో స్పెయిన్, ఇటలీ దేశాల పేద రైతులకు అది ప్రధానాహారమైంది. ఉత్తర ఇటలీలో మొక్కజొన్న పిండిని మరిగే నీటిలో పోసి గరిటెతో తిప్పుతూ ఉడికించే పోలెంటా వారి నిత్యభోజనమైంది. మన సంగటికి అది దగ్గరి చుట్టం. పక్కన నంజుకోవడానికి పాలో, జున్నో, మాంసమో కొనే స్తోమత వారికి లేదు.

స్పెయిన్‌లోని అస్తూరియాస్ ప్రాంతంలో గాస్పర్ కసాల్ అనే వైద్యుడు 1735లో ఈ కొత్త జబ్బును గుర్తించాడు. చర్మపు ఎరుపును బట్టి అక్కడి ప్రజలు దానిని గులాబి జబ్బు అనేవారు. రోగులు కడు పేదలనీ, వారి ముఖ్యాహారం మొక్కజొన్న అనీ, మాంసం వారికి అరుదనీ కసాల్ గమనించాడు. మెడ చుట్టూ హారంలా ఏర్పడే మచ్చను నేటికీ కసాల్ కంఠహారం అంటారు. 1771లో ఇటలీ వైద్యుడు ఫ్రాపోల్లి ఈ వ్యాధికి పెల్లాగ్రా అనే పేరును గ్రంథస్థం చేశాడు. ఇటలీ భాషలో గరుకు చర్మం అని దాని అర్థం. బూజు పట్టిన మొక్కజొన్నలోని విషమే కారణమని ఆ తరువాత చాలాకాలం వైద్యులు వాదించారు.

పత్తి చేలలో ఆకలి

ఇరవయ్యవ శతాబ్దారంభంలో అమెరికా దక్షిణ రాష్ట్రాలలో పెల్లాగ్రా విజృంభించింది. 1906లో అలబామా రాష్ట్రంలో నల్లజాతి మానసిక రోగుల ఆసుపత్రిలో 88 మందికి ఈ వ్యాధి సోకగా 57 మంది మరణించారు. 1906 నుండి 1940 వరకు ఆ దేశంలో సుమారు 30 లక్షల మంది దీని బారిన పడ్డారనీ, సుమారు లక్ష మంది మరణించారనీ అంచనా.

ఆ ఇళ్ళలో వంట అతి పొదుపుగా సాగేది. మొక్కజొన్న పిండిలో ఉప్పు, నీళ్ళు కలిపి పెనం మీద రొట్టె కాల్చేవారు. దానికి తోడు ఉప్పులో ఊరిన పంది కొవ్వు ముక్క, చెరకుపాకం. కడుపు నిండేది, పనిచేయడానికి శక్తి వచ్చేది, కానీ అందులో శరీరానికి అందే నయాసిన్ చాలినంత లేదు, మేలైన మాంసకృత్తులూ లేవు. పైగా పిండి ఎక్కువ కాలం చెడకుండా దూరప్రాంతాలకు పంపడానికి అప్పటి కొత్త మరలు గింజ నుండి మొలకభాగాన్ని తీసివేయసాగాయి. ఉన్న కొద్ది పోషకాలలో కొంత అలా పోయింది.

వారు కూరగాయలు ఎందుకు పండించుకోలేదు, ఆవును ఎందుకు పెంచుకోలేదు అనే ప్రశ్న సహజం. వారిలో అధికులు కౌలు రైతులు. భూస్వామికి కావలసింది పత్తి. గుడిసె గడప దాకా పత్తే వేయించేవాడు. విత్తనం నుండి తిండిగింజల దాకా దుకాణంలో అప్పుకు తెచ్చుకుని, పంట చేతికి వచ్చాక తీర్చాలి. అప్పుకు దొరికేది పిండి, కొవ్వు, పాకం. బట్టల మిల్లు కార్మికుల బ్రతుకూ ఇంతే. శీతాకాలమంతా ఆ మూడింటితోనే గడిపిన వారికి వసంతకాలంలో ఎండ తగలగానే మచ్చలు బయటపడేవి.

గోల్డ్‌బెర్గర్ పరిశోధన

ఇది అంటువ్యాధి అనే నమ్మకం అప్పట్లో బలంగా ఉండేది. 1914లో అమెరికా ప్రజారోగ్య విభాగం ఈ సమస్యను డాక్టర్ జోసెఫ్ గోల్డ్‌బెర్గర్‌కు అప్పగించింది. మానసిక వైద్యశాలలలో రోగులకు ఈ జబ్బు వస్తున్నా, వారి మధ్యనే తిరిగే నర్సులకూ, పనివారికీ రావడం లేదని ఆయన గమనించాడు. అంటువ్యాధి అయితే అంత వివక్ష చూపదు కదా! ఆయన దృష్టి భోజనం మీదకు మళ్ళింది. మిసిసిపీ రాష్ట్రంలో రెండు అనాథాశ్రమాల పిల్లలకు పాలు, గుడ్లు, మాంసం, పప్పుగింజలు పెట్టించాడు. అక్కడ జబ్బు దాదాపు మాయమైంది.

1915లో దీనికి విలోమ ప్రయోగం చేశాడు. మిసిసిపీలోని ఒక జైలు క్షేత్రంలో శిక్షరద్దు హామీ పొంది ముందుకు వచ్చిన ఆరోగ్యవంతులైన ఖైదీలకు మొక్కజొన్న, తెల్లపిండి, బియ్యం, చక్కెర ప్రధానంగా ఉన్న ఆహారం పెట్టాడు. కొన్ని నెలలకు 11 మందిలో ఆరుగురికి పెల్లాగ్రా లక్షణాలు వచ్చాయి. అటువంటి ప్రయోగాన్ని నేటి వైద్యనీతి అంగీకరించదు. అయినా విమర్శకులు ఒప్పుకోలేదు. 1916లో గోల్డ్‌బెర్గర్ తానూ, తన సహచరులూ రోగుల రక్తాన్ని ఎక్కించుకున్నారు. చర్మపు పొలుసులను, విసర్జనలను పిండితో కలిపి గుళికలు కట్టి మింగారు. ఆయన భార్య మేరీ కూడా రోగి రక్తాన్ని ఎక్కించుకున్నది. ఎవరికీ జబ్బు రాలేదు.

తరువాత ఆయన ఆర్థికశాస్త్రవేత్త ఎడ్గార్ సిడెన్‌స్ట్రికర్‌తో కలిసి దక్షిణ కరొలైనా మిల్లు గ్రామాలలో ఇల్లిల్లూ తిరిగి ఆదాయాలను, తిండిని లెక్కకట్టాడు. ఆదాయం తగ్గేకొద్దీ జబ్బు పెరిగింది. అయితే ఆదాయం ఒక్కటే నిర్ణాయకం కాదు. తాజా మాంసం, చుట్టుపక్కల రైతుల పాలు, కూరలు దొరికే గ్రామంలో కుటుంబాలు తప్పించుకున్నాయి. అవి దొరకని గ్రామం జబ్బుపడింది.

పత్తి ధర పడిపోయాక 1921లో వ్యాధి మళ్ళీ పెరుగుతుందని ఆయన హెచ్చరించాడు. అధ్యక్షుడు హార్డింగ్ సహాయానికి పిలుపునిస్తే, తమ ప్రాంతంలో ఆకలి ఉన్నదనడం అవమానమని దక్షిణాది నాయకులు కొందరు ఆగ్రహించారు. తిండిలేమిని ఒప్పుకోవడం కంటే అంటువ్యాధిని ఒప్పుకోవడమే పాలకులకు సులభమని ఈ ఘట్టం చెబుతుంది.

గోల్డ్‌బెర్గర్ కనుగొన్న మందు కూడా వంటింటికి దగ్గరిదే. బీరు తయారీలో వాడే ఈస్టును ఎండబెట్టి కొద్దిగా తినిపిస్తే రోగులు కోలుకున్నారు. 1927లో మిసిసిపీ నది వరదల సమయంలో రెడ్‌క్రాస్ సంస్థ ఆ ఈస్టును బాధితులకు పంచింది. 1929లో ఆయన మరణించాడు. ఈస్టులోని ఆ గుణం ఏమిటో ఆయన జీవితకాలంలో తేలలేదు. 1937లో కాన్రాడ్ ఎల్వెజమ్ అది నికోటినిక్ ఆమ్లమని, అంటే నయాసిన్ అని నిరూపించాడు. 1940లలో పిండికి నయాసిన్ చేర్చడం మొదలైంది. ప్రజల ఆహారం కూడా మెరుగుపడి అక్కడ వ్యాధి అంతరించింది.

దక్కనులో జొన్నరొట్టె

కూనూరులో ఉన్న పోషకాహార పరిశోధనాలయం 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. అదే నేటి జాతీయ పోషకాహార సంస్థ. దక్కను పీఠభూమిలో జొన్నలే ముఖ్యాహారంగా బ్రతికే పేదలలో పెల్లాగ్రా ఉన్నట్లు అక్కడి శాస్త్రజ్ఞులు గుర్తించారు. మొక్కజొన్నకు చెప్పిన కారణం జొన్నకు పూర్తిగా అతకలేదు. జొన్నలో ట్రిప్టోఫాన్ అంత తక్కువ కాదు. 1960లో డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకంఠయ్య లాన్సెట్ పత్రికలో ఒక కొత్త వివరణను ప్రతిపాదించారు. జొన్నలోనూ, మొక్కజొన్నలోనూ లూసిన్ అనే ఎమైనో ఆమ్లం ఎక్కువ. అది అధికమైనప్పుడు ట్రిప్టోఫాన్ నుండి నయాసిన్ తయారయ్యే ప్రక్రియకు ఆటంకం కలుగుతుందని వారి వాదన. ఇతర దేశాల పరిశోధకులలో అందరూ దీనిని అంగీకరించలేదు. అయినా ఒక విషయంలో భేదాభిప్రాయం లేదు. జొన్న తిన్న వారందరికీ జబ్బు రాలేదు. జొన్న తప్ప మరేమీ తినలేని వారికే వచ్చింది.

జొన్నను నిందించడానికి ఈ మాట చెప్పడం లేదు. వేడినీళ్ళతో పిండి తడిపి, చేత్తో తట్టి, పెనం మీద వేసి, తడిగుడ్డతో పైన అద్ది కాల్చే రొట్టె మన పెద్దల తెలివికి నిదర్శనం. కలిగిన ఇంట దాని పక్కన పప్పు, పుండికూర, పల్లీల కారం, మజ్జిగ ఉండేవి. కరువు నెలల్లో కూలి ఇంట ఉల్లిపాయ, ఎండుకారం మిగిలేవి. రొట్టె రెండు ఇళ్ళలోనూ ఒకటే.

ఈ తేడాకు ఇటీవలి సాక్ష్యం ఆఫ్రికాలో ఉంది. 1990లో మలావీ దేశంలో తలదాచుకున్న మొజాంబిక్ శరణార్థులలో సుమారు 18 వేల మందికి పెల్లాగ్రా వచ్చింది. వారికి మొక్కజొన్నతో పాటు పంచే వేరుశనగ సరఫరా నిలిచిపోవడమే ఇందుకు ముఖ్యకారణం. గుప్పెడు పల్లీలు అంతమందిని కాపాడుతూ వచ్చాయన్నమాట.

మన వంటింటికి వర్తించే విషయాలు

జొన్న, సజ్జ, మక్క, గోధుమ, ఏ రొట్టె అయినా ఇంట్లో చేసుకోవడం మంచిదే. కానీ రొట్టె భోజనంలో సగం మాత్రమే. మిగతా సగానికి ఖరీదైన వస్తువులు అక్కరలేదు. వేరుశనగ గింజలలో నయాసిన్ పుష్కలంగా ఉంటుంది. కందిపప్పు, పెసలు, శనగలు, ఒక గుడ్డు, కప్పు పెరుగు లేక మజ్జిగ మాంసకృత్తులనూ, ట్రిప్టోఫాన్‌నూ ఇస్తాయి. ఆకుకూర ఇతర విటమినులను చేరుస్తుంది. బరువు తగ్గాలనో, చక్కెరవ్యాధి అదుపులో ఉండాలనో అన్నం మానివేసి, రెండు పూటలా రొట్టె, పచ్చడితో సరిపెట్టుకునేవారు, ఒంటరిగా ఉంటూ ఒక్కరికి వంట ఎందుకని ఊరుకునే వృద్ధులు దీనిని ప్రత్యేకంగా గమనించాలి.

పెల్లాగ్రా నేడు అరుదే కాని పూర్తిగా పోలేదు. అతిగా మద్యపానం చేసేవారిలో, దీర్ఘకాలిక విరేచనాలు ఉన్నవారిలో, క్షయవ్యాధికి ఐసోనయాజిడ్ వాడుతూ సరిగా తిననివారిలో కనిపించవచ్చు. ఎండ తగిలే చోట రెండువైపులా ఒకే తీరున నల్లని గరుకు మచ్చలు, నాలుక మంట, విరేచనాలు, మతిమరుపు కలిసి ఉంటే వైద్యుని చూడండి. తగిన మోతాదులో మందు ఇస్తే నాలుక మంట, విరేచనాలు కొద్దిరోజులలోనే తగ్గుముఖం పడతాయి. నయాసిన్ మాత్రలను సొంతంగా పెద్ద మోతాదులో వాడకూడదు. ఒళ్ళు ఎర్రబడి మంటలు రావడమే కాక, కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది.

పొదుపు వంట తప్పు కాదు. గోల్డ్‌బెర్గర్ చూసిన ఇళ్ళలో జబ్బు తెచ్చింది పొదుపు కాదు, పాలూ పప్పూ వారి చేతికి అందకపోవడం. మనలో చాలామందికి అవి అందుబాటులో ఉన్నాయి. అందనివారు మన చుట్టూ ఇంకా ఉన్నారు. మన ఇంట పనిచేసే మనిషి రొట్టె విప్పినప్పుడు దాని పక్కన ఏముందో చూడడం కూడా ఆరోగ్యస్పృహలో భాగమే.