నాయన బండి: మద్రాసు బుల్లెట్ నుంచి మా ఇందుకూరుపేట ఆర్‌ఎక్స్ దాకా

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, కోటలు లేవు. ఒక మోటార్ సైకిల్ ఉంది, దాని పక్కన తుడిచే గుడ్డ పట్టుకుని నిలబడిన నాయన ఉన్నాడు. ఇది కూడా చరిత్రే, మన ఇంటి చరిత్ర.

ముందు ఒక చిన్న పని. మీ ఇంట్లోనో పక్కింట్లోనో పాత బండి ఉంటే దాని నంబర్ ప్లేట్ చూడండి. ఏపీ 26 అని మొదలైతే అది నెల్లూరు జిల్లా బండి. జిల్లాకో అంకె ఇచ్చే ఈ పద్ధతి 1989లో వచ్చింది. 2019 నుంచి మన రాష్ట్రం మొత్తానికి ఏపీ 39 అని ఒకటే కోడ్ పెట్టారు. అంటే ఏపీ 26 బండి ఏది కనపడినా, అది ఆ ముప్పై ఏళ్ల మధ్యలో రోడ్డెక్కిన బండి అన్నమాట. నా వయసు వాళ్లలో చాలామందికి అది నాయన బండి.

ఇందుకూరుపేట తెలియని వాళ్లకి రెండు మాటలు. నెల్లూరు నుంచి తూర్పుగా మైపాడు బీచ్ వైపు పోతే మా మండలం వస్తుంది. ఒక పక్క పెన్న, ఇంకో పక్క సముద్రం. కాలవల కింద వరి, సముద్రం దగ్గరయ్యే కొద్దీ ఉప్పునేల, రొయ్యల గుంటలు. నెల్లూరు నుంచి బీచ్ దాకా సుమారు పాతిక కిలోమీటర్లు. బస్సు మెయిన్ రోడ్డు మీద పోతుంది. గుంట గట్టు మీదికి బస్సు రాదు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు మద్రాసు పోదాం. బుల్లెట్ అనగానే అందరూ పంజాబ్ అంటారు. కానీ అది తయారైంది మన పక్కన. 1950ల మొదట్లో మన సైన్యం సరిహద్దు కాపలా కోసం ఇంగ్లండ్ నుంచి 800 బుల్లెట్లు ఆర్డర్ పెట్టింది. ఆ తర్వాత 1955లో మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా అనే కంపెనీ మొదలైంది. ఫ్యాక్టరీ తిరువొత్తియూర్‌లో. మద్రాసుకి ఉత్తరపు కొస అది, అంటే మన వైపు. నెల్లూరు నుంచి రోడ్డు మీద నూట డెబ్భై చిల్లర కిలోమీటర్లు. 1953 దాకా మనదీ మద్రాసు రాష్ట్రమే కదా, రాష్ట్రం విడిపోయిన రెండేళ్లకే బుల్లెట్ పుట్టింది. మనకి పంజాబ్ కంటే మద్రాసే దగ్గర. అయినా బుల్లెట్ పేరు వాళ్లకి పోయింది, మనకి రాలేదు. ఇది నా ఫిర్యాదు, రాసుకోండి.

ఇంకో తమాషా. ఇంగ్లండ్‌లో రెడిచ్ ఊళ్లోని అసలు ఫ్యాక్టరీ 1967లో మూతపడింది. 1970లో అక్కడ తయారీయే ఆగిపోయింది. మద్రాసులో మాత్రం అదే బండి, దాదాపు అదే ఇంజన్, తయారవుతూనే ఉంది. 1977లో మన వాళ్లు దాన్ని తిరిగి ఇంగ్లండ్‌కే ఎగుమతి చెయ్యడం మొదలుపెట్టారు. తండ్రి మానేసిన పని కొడుకు చేస్తా ఉన్నట్టు.

పాత బుల్లెట్ స్టార్ట్ చెయ్యడం చూశారా ఎప్పుడైనా? ఇది కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే నాయనలు కొడుకులకి చేయి పట్టుకుని నేర్పిన పనుల్లో ఇదొకటి. తాళం తిప్పాలి. హెడ్‌లైట్ పైన ఆమ్‌మీటర్ అని చిన్న ముల్లు ఉంటుంది. కిక్ రాడ్‌ని కాలితో మెల్లిగా నొక్కుతూ పోతే ఒకచోట గట్టిగా అడ్డం పడుతుంది, ఆ ముల్లు మధ్యకి వస్తుంది. అంటే లోపల పిస్టన్ పైకొచ్చి నిలబడింది అని. అప్పుడు ఎడమ చేతి దగ్గరుండే చిన్న డీకంప్రెసర్ లివర్ నొక్కి, కిక్‌ని ఒక్క పిసరు ముందుకి జరపాలి. లివర్ వదలాలి. కిక్ పైకి రానివ్వాలి. ఇప్పుడు ఒంటి బరువంతా వేసి ఒకటే కిక్. సరిగ్గా పడితే డుగ్ డుగ్ అని లేస్తుంది. తొందరపడితే కిక్ రాడ్ వెనక్కి తన్నుతుంది, పిక్క వాచిపోతుంది. పైగా గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఇప్పటి బండ్లకి పూర్తిగా తిరగేసి.

దీన్ని పుస్తకంలో చదివి నేర్చుకోలేం. పక్కన ఒక మనిషి నిలబడాలి. ఆ మనిషి మామూలుగా నాయనే, లేదంటే చిన్నాయన. ఇంట్లో పది మాటలు మాట్లాడని మనిషి ఇక్కడ మాత్రం అరగంట మాట్లాడతాడు. "ఒరే అబ్బయా, బలం కాదురా, ముల్లు చూడు."

సరే, బండి ఇష్టం ఉంటే సరిపోదు, దొరకాలి కదా. 1980ల ముందు దేశంలో బండ్లు చేసే కంపెనీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మద్రాసులో బుల్లెట్, మైసూరులో జావా (అదే 1973 నుంచి యెజ్డీ అయింది), ఎస్కార్ట్స్ వాళ్ల రాజ్‌దూత్. ఎవరు ఎన్ని తయారు చెయ్యాలో ప్రభుత్వం లైసెన్సులో రాసేది. బజాజ్ స్కూటర్ బుక్ చేస్తే ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. ఇప్పుడు మనం యాప్‌లో నొక్కి రెండు రోజులు లేటయితే గొడవ చేస్తాం. ఆ రోజుల్లో కాలేజీలో బుక్ చేసిన వాడు పెళ్లయ్యాక బండి ఎక్కినా ఎవరూ ఆశ్చర్యపోలేదు.

అన్నేళ్లు ఎదురుచూసి తెచ్చుకున్న వస్తువుని మనిషి ఎట్లా చూసుకుంటాడు? నాయనల ప్రేమకి మూలం ఇక్కడుందని నా ఉద్దేశం. మనకి బండి అంటే ఎంపిక. వాళ్లకి బండి అంటే ఎదురుచూపు. అందుకే మనం పికప్ ఎంత, టాప్ స్పీడ్ ఎంత అంటాం, వాళ్లు ఆయిల్ మార్చావా, చైన్ బిగించావా అంటారు. ఇద్దరం మాట్లాడేది ఒకే బండి గురించి, కానీ భాషలు వేరు. ఇంట్లో సగం గొడవలు ఇక్కడే.

1980ల్లో తలుపు తెరుచుకుంది. జపాన్ కంపెనీలతో కలిసి చిన్న ఇంజన్ బండ్లు చేసుకోవచ్చని ప్రభుత్వం ఒప్పుకుంది. టీవీఎస్‌తో సుజుకీ, హీరోతో హోండా, ఎస్కార్ట్స్‌తో యమహా, బజాజ్‌తో కవాసాకీ. 1985లోనే రెండు బండ్లు వచ్చాయి. ఒకటి హీరో హోండా సీడీ 100, ఫోర్ స్ట్రోక్, లీటరుకి 80 కిలోమీటర్లని ప్రకటనలు. రెండోది యమహా ఆర్‌ఎక్స్ 100. టూ స్ట్రోక్, 98 సీసీ, సుమారు వంద కిలోల బరువు, 11 హార్స్ పవర్. లెక్క చూస్తే చిన్నదే. కానీ అంత తేలిక బండికి ఆ బలం చాలా ఎక్కువ. దాని సౌండ్ వీధి చివర ఉండగానే ఇంట్లో వాళ్లకి ఎవరొస్తున్నారో తెలిసిపోయేది.

ఇప్పుడు గుంట గట్టు గుర్తుచేసుకోండి. 1980ల చివర, 90ల మొదట్లో మా తీరమంతా టైగర్ రొయ్య. పొద్దున మేత, రాత్రి మేత, నడిరాత్రి ఏరేటర్ తిరుగుతా ఉందా లేదా చూడాలి. గుంట ఊరికి దూరం, బస్సు రాదు, సైకిల్ మీద అన్నిసార్లు తిరగలేం. బండి షోకు కాదు, పనిముట్టు. పంట బాగా వచ్చిన ఏడాది మా నాయన సెకండ్ హ్యాండ్ ఆర్‌ఎక్స్ తెచ్చాడు. మా అమ్మ చెప్పే ప్రకారం ఆ రాత్రి దాన్ని వసారాలో పెట్టి, మంచం పక్కనే వేసుకుని పడుకున్నాడంట.

1994-95లో తెల్లమచ్చ జబ్బు వచ్చింది. సాయంత్రం బాగున్న రొయ్యలు తెల్లారేసరికి గట్టు పక్కకి కొట్టుకొచ్చేవి. ఆ దెబ్బకి తీరమంతా అప్పులపాలైంది. 1996 డిసెంబర్ 11న సుప్రీం కోర్టు తీర నియంత్రణ ప్రాంతంలో ఉన్న రొయ్యల చెరువులు తీసేయాలని తీర్పు ఇచ్చింది. ఆర్‌ఎక్స్ 100 తయారీ కూడా అదే 1996లో ఆగింది, అది వేరే కారణం, పొగ నిబంధనలు బిగుసుకుంటున్న రోజులు. ఒకే ఏడాది రెండూ. మా ఇంట్లో గుంట లీజు పోయింది, అమ్మ గాజులు పోయాయి, బండి మాత్రం మిగిలింది. వేరే వాళ్ల గుంటల మీద కూలికి పోవాలన్నా బండి కావాలి కదా అన్నాడు నాయన. గాజుల కంటే బండి ఎందుకు ముఖ్యమైందని అమ్మని అడిగితే వేరే కథ చెప్తుంది. ఆ కథ చెప్పకుండా నాయనల ప్రేమని మాత్రమే పొగిడితే అది సగం చరిత్రే.

మా దగ్గర బండికి ఇంకో శత్రువు ఉంది, ఉప్పుగాలి. రిమ్ములు, స్పోకులు, సైలెన్సర్, ఏదైనా సరే పట్టించుకోకపోతే తుప్పు. ఆదివారం పొద్దున నాయన బండి కడిగి, ఆరబెట్టి, ఆయిల్ గుడ్డతో ఒక్కొక్క స్పోకూ తుడిచేవాడు. నా పని స్పానర్ అందించడం. పదీ పన్నెండూ అంటే నంబర్లని, రింగు స్పానర్ వేరు, డబుల్ ఎండ్ వేరు అని నాకు బడి కంటే ముందు అక్కడే తెలిసింది. తెల్లమచ్చ గురించీ, అప్పుల గురించీ కూడా అక్కడే విన్నాను. ఎదురెదురుగా కూర్చుంటే నాయన ఆ మాటలు ఎప్పుడూ చెప్పలేదు. చేతిలో పని ఉంటే, చూపు బండి మీద ఉంటే చెప్పేవాడు.

తండ్రీకొడుకుల బండి కథల్లో అందరికీ తెలిసినది ఒకటుంది. ఎన్‌ఫీల్డ్ ఇండియాలో 1990లో వాటా కొని, 1994కి మొత్తం చేతిలోకి తీసుకుంది ఐషర్ గ్రూప్. దాని పెద్ద విక్రమ్ లాల్. 2000 నాటికి బుల్లెట్ వ్యాపారం నష్టాల్లో ఉంది, అమ్మడమా మూయడమా అన్న దగ్గరికొచ్చింది. అప్పుడు ఆయన కొడుకు సిద్ధార్థ లాల్, పాతికేళ్లు దాటిన కుర్రాడు, తనే బుల్లెట్ పిచ్చోడు, ఒక అవకాశం అడిగి బాధ్యత తీసుకున్నాడు. తర్వాత కథ మీరు రోడ్డు మీద చూస్తున్నారు. గేరు ఎడమకాలికి వచ్చింది, బటన్ స్టార్ట్ వచ్చింది, పాత వాళ్లు తిట్టుకున్నారు, కొత్త వాళ్లు కొన్నారు. ఆయనకి తండ్రి ఇచ్చింది ఫ్యాక్టరీ. మనకి ఇచ్చేది తాళం చెవి. అడగాల్సిన ధైర్యం మాత్రం ఇద్దరికీ ఒకటే అనిపిస్తుంది నాకు.

బండి మీద మనం కూర్చున్న చోట్లు గుర్తు తెచ్చుకోండి. మొదట ట్యాంకు మీద, హ్యాండిల్ పట్టుకుని, గాలికి కళ్లు మూసుకుని. తర్వాత నాయనకీ అమ్మకీ మధ్య ఇరుక్కుని. తర్వాత వెనకాల. ఒకరోజు ముందు సీటు. ఆ రోజు నాయన వెనక కూర్చుని లేని బ్రేకు తొక్కుతుంటాడు, మీ నాయన కూడా తొక్కే ఉంటాడు. ట్యాంకు మీద పిల్లల్ని కూర్చోబెట్టడం ఎంత ప్రమాదమో ఇప్పుడు తెలుసు, దయచేసి మీరు చెయ్యకండి. వెనక కూర్చున్న నాయనకి కూడా హెల్మెట్ పెట్టండి. నలభై ఏళ్లుగా నడుపుతున్నాను నాకెందుకురా అంటాడు. వినొద్దు.

ఇక అసలు సమస్య. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత ఆర్‌టీఓ ఆఫీసుకి బండి తీసుకుపోయి, ఫిట్‌నెస్ చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి, ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. చాలా ఇళ్లలో ఆ కాగితాలు చూసుకోక బండి మూలన పడుతుంది, ఉప్పుగాలి తినేస్తుంది, చివరికి తూకానికి పోతుంది. ఇంకో వైపు బాగున్న ఆర్‌ఎక్స్‌కి కొన్న ధర కంటే ఎన్నో రెట్లు ఇస్తామని చెన్నై నుంచి కూడా ఫోన్లు వస్తాయి. మా దానికీ వచ్చాయి. నాయన భుజం నొప్పి, కిక్ కొట్టలేడు. అమ్మేయమన్నది ఆయనే. "నువ్వు కొత్త బండి కొనుక్కున్నావు కదరా, ఇది ఎందుకు?" నేను రెన్యువల్‌కి డబ్బు కట్టి వచ్చాక చెప్పాను. తిట్టాడు. మరుసటి ఆదివారం గుడ్డ పట్టుకుని బయటికి వచ్చాడు.

మీ ఇంట్లో పాత బండి ఉంటే ఈ వారం ఆర్‌సీ తీసి గడువు ఎప్పటిదో చూడండి. నాయన పక్కనే ఉంటే మూడు ప్రశ్నలు అడగండి. మొదటి బండి ఏది, డబ్బు ఎక్కడిది, నడపడం ఎవరు నేర్పారు. ఫోన్‌లో రికార్డ్ ఆన్ చేసి పక్కన పెట్టండి, మొహం మీద కెమెరా పెట్టకండి. బండి తుడుస్తూ ఉన్నప్పుడు అడిగితే ఇంకా మంచిది.

వచ్చే ఎపిసోడ్ మా మండలంలోనే పల్లిపాడు, 1921లో గాంధీ గారు ప్రారంభించిన ఆశ్రమం దగ్గర్నుంచి. ఆర్‌ఎక్స్ మీదే పోతున్నాం, నాయన కూడా వస్తున్నాడు.