రెక్క మొలిచిన ప్లిమత్, మాట్లాడే ‘కింగ్’

పాతకాలపు మజిల్ కారును ఆధారం చేసుకుని కొత్త పాత్రను సృష్టించడమంటే కారు బొమ్మకు కళ్లూ నోరూ అతికించడమేనని చాలామంది భావిస్తారు గాని, ఆ పని చక్కగా కుదిరిన సందర్భాలను పరిశీలిస్తే, ముఖం గీయడానికి ముందే ఆ కారు చరిత్రను చదవవలసి ఉంటుందని తేలుతుంది. జాన్ లాసెటర్ దర్శకత్వంలో పిక్సార్ సంస్థ 2006లో విడుదల చేసిన ‘కార్స్’ చిత్రంలో అందరూ ‘కింగ్’ అని పిలిచే స్ట్రిప్ వెదర్స్ అనే నీలిరంగు పందెపు కారు అందుకు మేలైన ఉదాహరణ.

మధ్యతరహా కారులో భారీ ఇంజన్‌ను, ముఖ్యంగా ‘వి’ ఆకారంలో ఎనిమిది సిలిండర్లు అమర్చిన వి-8ను బిగించి, కుర్రకారు కొనగలిగే ధరకు అమ్మిన అమెరికన్ కారునే మజిల్ కారు అంటారు. 1964 నాటి పాంటియాక్ జీటీఓతో ఈ ఒరవడి స్థిరపడిందని సాధారణంగా చెబుతారు. ఆ తర్వాత ఈ కార్ల ధరలు పెరుగుతూ పోవడంతో, హంగులు తగ్గించి వేగాన్ని మాత్రం మిగిల్చిన ‘రోడ్ రన్నర్’ను క్రిస్లర్ సంస్థకు చెందిన ప్లిమత్ విభాగం 1968 మోడల్‌గా తెచ్చింది. 1949లో చక్ జోన్స్, మైకేల్ మాల్టీస్ సృష్టించిన కార్టూన్ పక్షి పేరునూ బొమ్మనూ వాడుకోవడానికి వార్నర్ బ్రదర్స్‌కు 50,000 డాలర్లు చెల్లించిన ఆ విభాగం, పక్షి కూతను పోలిన హారన్‌ను కూడా ప్రత్యేకంగా చేయించింది. కారు బాగా అమ్ముడుపోయింది; అయితే పాత్ర అక్కడ స్టిక్కరుగానే ఉండిపోయింది, దాన్ని గీకేస్తే మిగిలేది ప్లిమత్ కారే.

ఆ రోడ్ రన్నర్ నుంచే పుట్టిన సూపర్‌బర్డ్ కథ వేరు. బజారులో అమ్మే మోడళ్ల ఆధారంగా తయారైన కార్లు తలపడే నాస్కార్ పందేల్లో అప్పటికే పేరుమోసిన రిచర్డ్ పెట్టీ, గాలిని చీల్చుకుపోయే కారు తనకు దక్కకపోవడంతో 1969లో ప్లిమత్‌ను వదిలి ఫోర్డ్‌కు వెళ్లిపోగా, ఆయనను వెనక్కి రప్పించడంలో 1970 నాటి సూపర్‌బర్డ్‌దే ముఖ్యపాత్ర. ముందు భాగానికి ఒకటిన్నర అడుగులకు పైగా పొడవైన మొనదేలిన ముక్కునూ, వెనుక చక్రాలు గాలికి తేలిపోకుండా నేలకు అదిమిపట్టడానికి దాదాపు రెండడుగుల ఎత్తైన రెక్కనూ తగిలించిన ఈ కారు, పందెం నిబంధనల ప్రకారం సామాన్యులకు కూడా అమ్మవలసి రావడంతో సుమారు 1,900 దాకా తయారైంది. దాని వింత రూపానికి జడిసిన కొందరు డీలర్లు ముక్కూ రెక్కా ఊడదీసి మామూలు రోడ్ రన్నర్‌గా మార్చి అమ్ముకున్నారంటే, ఇప్పుడు దాని కోసం ఎగబడే సేకర్తలకు ఒళ్లు మండక మానదు. రెక్క ఉన్న కార్ల ఇంజన్‌ను 1971లో నాస్కార్ 5 లీటర్లకు కుదించడంతో సూపర్‌బర్డ్ పందెపు జీవితం ఒక్క ఏడాదితోనే ముగిసింది.

కింగ్ పాత్రకు ఆధారం ఈ సూపర్‌బర్డే; ఇలాంటి కారుకు ముఖం ఎక్కడ పెట్టాలన్నది ‘కార్స్’ రూపకర్తల ముందున్న అసలు చిక్కు. కార్టూన్లలో అలవాటైన పద్ధతి ప్రకారం హెడ్‌లైట్లనే కళ్లుగా మార్చడానికి సూపర్‌బర్డ్ లొంగదు, ఎందుకంటే దాని దీపాలు ముక్కులోపల మూతల కింద దాగి, అవసరమైనప్పుడే పైకి లేస్తాయి. పైగా కళ్లు నోటికి మరీ దగ్గరగా ఉంటే కారు పాములా కనిపిస్తుందన్నది లాసెటర్ అభిప్రాయం కాబట్టి, 1952 నాటి డిస్నీ లఘుచిత్రం ‘సూసీ ది లిటిల్ బ్లూ కూప్’లో మాదిరిగా కళ్లను ముందు అద్దంలోనూ నోటిని కింద బంపర్ దగ్గరా అమర్చారు. దీనితో పొడవాటి బానెట్ అంతా మనిషి ముక్కూ చెంపల చోటును ఆక్రమించి, కింగ్‌కు తొందరపాటు లేని వయసు మళ్లిన పెద్దరికం దానంతట అదే వచ్చింది. ఇనుము రబ్బరులా సాగకూడదనీ, బరువైన కారు బరువుగానే కదలాలనీ, అంటే పదార్థ స్వభావానికి కట్టుబడి ఉండాలనీ ఆ బృందం పెట్టుకున్న నియమం ఈ పెద్దరికానికి తోడైంది.

మిగిలిన వివరాలన్నీ పెట్టీ జీవితం నుంచే తీసుకున్నారు: ఆయన కారు నీలిరంగు, ఆయన 43వ నంబరు, ‘కింగ్’ అన్న ఆయన బిరుదు, చివరికి ఆయన గొంతు కూడా. స్టేషన్ వ్యాగన్ రూపంలో కనిపించే కింగ్ భార్యకు పెట్టీ భార్య లిండాయే గొంతు ఇచ్చారు. అయినా ఇది పెట్టీ జీవితచిత్రం కాదు. పేరు మార్చి, డైనోకో అనే కల్పిత చమురు సంస్థను ప్రాయోజకురాలిగా చూపి, చివరి పందెంలో ప్రమాదానికి గురై ఓటమిలోనూ గౌరవం పొందే పాత్రగా మలచడంలోనే సృష్టి ఉంది. ఏ ఒక్క అసలు మోడల్‌కూ చెందని కథానాయకుడు లైట్నింగ్ మెక్‌క్వీన్‌కు తన గతాన్నీ గుణాన్నీ చాటుకోవడానికి సినిమా మొత్తం ఉంది, కింగ్‌కు దొరికినవి కొద్ది నిమిషాలే; చిన్న పాత్రకు దేహమే చరిత్ర చెప్పాలన్న సూత్రం ఇక్కడ బాగా రుజువైంది.

2017 నాటి ‘కార్స్ 3’లో కింగ్ మేనల్లుడిగా వచ్చే కాల్ వెదర్స్‌కు రిచర్డ్ కుమారుడు కైల్ పెట్టీ గొంతు ఇవ్వగా, ఆ కారుపై కైల్ పందేల్లో వాడిన 42వ నంబరునే ఉంచారు. గొంతూ నంబరూ ఆ కుటుంబానివే అయినా, శరీరం ఏ చారిత్రక కారుదీ కాకపోవడంతో కాల్ పాత్ర కింగ్ స్థాయిని అందుకోలేకపోయింది.