ఋతుసంధి: శిశిరశేషమున వసంతచిహ్నములు

పంచాంగము ప్రకారము మాఘఫాల్గుణములు శిశిరర్తువు, చైత్రవైశాఖములు వసంతర్తువు. ఈ విభాగము మనకు బాల్యమునుండియు కంఠస్థమైనదే. కాని ఆ పంచాంగమే మాఘశుద్ధపంచమిని వసంతపంచమి యని పేర్కొనుచున్నది; ఫాల్గుణపూర్ణిమకు కామదహనమును, మరునాడు వసంతోత్సవమును విధించుచున్నది. అనగా వసంతము పేర జరుగు పండుగలు రెండును వసంతము రాకమునుపే, శిశిరమునందే ముగియుచున్నవి. ఇక వసంతారంభమని చెప్పబడు ఉగాదినాటికి మామిడి పూత దశ దాటి కాయ పట్టియుండును. ఉగాదిపచ్చడిలో వేపపూవుతోపాటు మామిడికాయ ముక్కలు పడుచుండుటయే ఇందుకు చాలిన సాక్ష్యము. ఇది పంచాంగకర్తల పొరపాటా, పండుగల పొరపాటా, లేక చలి పూర్తిగా తొలగకముందే వసంతమును గుర్తించు వేరొక పరిగణన మన దేశమున నుండెనా అను ప్రశ్న ఇచట విచార్యము.

ఈ ప్రశ్న కేవలము తిథినిర్ణయమునకు సంబంధించినది కాదు. ప్రబంధములలోని ఋతువర్ణనములను ఆంధ్రదేశప్రకృతికి సాక్ష్యముగా గ్రహించుట పరిశోధనవ్యాసములలో పరిపాటియైనది. ఆ వర్ణనములు ఏ వసంతమును చెప్పుచున్నవో ముందుగా తేల్చుకొననిచో ఆ సాక్ష్యమునకు బలముండదు.

మొదట శాస్త్రగ్రంథములను చూతము. వైదికమాసనామములలో మధుమాధవములు వసంతము. వానినే చైత్రవైశాఖములుగా గ్రహించుట సంప్రదాయము. అయితే సుశ్రుతసంహిత సూత్రస్థానమున ఆరవ అధ్యాయమందు ఒకే చోట రెండు గణనలున్నవి. మొదటిది పైని చెప్పినదే. రెండవదానిలో శిశిరమే లేదు; పుష్యమాఘములు హేమంతము, ఫాల్గుణచైత్రములు వసంతము. వర్షాకాలమునకు ముందు ప్రావృట్టు అను వేరొక ఋతువును చేర్చి ఆఱు సంఖ్యను నిలిపినారు. సూర్యసిద్ధాంతము మకరసంక్రమణమునుండి రెండేసి రాసులకు ఒక్కొక్క ఋతువును శిశిరాదిగా లెక్కించినది. ఆ లెక్కకు మీనమేషములు వసంతము. దీనిని సాయనమానమున గణించినచో వసంతము ఫిబ్రవరి 19 ప్రాంతమున మొదలై ఏప్రిల్ 20 ప్రాంతమున ముగియును. నేడు మన నిరయనగణనకు మేషసంక్రమణము ఏప్రిల్ 14 ప్రాంతమున వచ్చుచుండగా, నిజమైన విషువము మార్చి 20, 21 తేదీలలోనే సంభవించుచున్నది. ఈ 24 దినముల అంతరము అయనచలనఫలము. మేఘనాథ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన పంచాంగసంస్కరణసంఘము ఈ దోషమును వివరముగా చర్చించినది. ఆ సంఘము సూచన ననుసరించి 1957 మార్చి 22న ప్రవేశపెట్టబడిన రాష్ట్రీయపంచాంగమున చైత్రము విషువము మరునాడే మొదలగును.

కావున వసంతము పంచాంగమున వెనుకబడుటకు అయనచలనము ఒక కారణమని ఒప్పుకొనవలెను. అదియే సర్వకారణమని మాత్రము చెప్ప వీలులేదు. సుశ్రుతసంహిత నేటి రూపము పొందిన కాలమునకు ఈ 24 దినముల తేడా ఏర్పడియుండలేదు. అయినను అందు ఫాల్గుణమును వసంతమున చేర్చిన పక్షము నిలిచియున్నది. మాసగణనభేదము కూడ కొంత కలదు. ఉత్తరదేశమున మాసములు పూర్ణిమాంతములు. ఫాల్గుణపూర్ణిమ మరునాడే వారికి చైత్రమాసము మొదలగును. వారి దృష్టిలో కామదహనము వసంతపు గుమ్మమున నిలిచిన పండుగయే. మన అమాంతగణనకు మాత్రము అది శిశిరమున మిగిలిపోయినది. అయినను శ్రీపంచమి చిక్కు తీరలేదు. అది ఫాల్గుణపూర్ణిమకు 40 దినములు ముందున్నది!

అధికమాసములవలన కలుగు చలనమును కూడ ఇచట గమనింపవలెను. 2024లో శ్రీపంచమి ఫిబ్రవరి 14న, ఉగాది ఏప్రిల్ 9న వచ్చినవి. 2026లో అవి జనవరి 23న, మార్చి 19న వచ్చినవి. రెండేండ్ల వ్యవధిలో తిథి మూడువారములు జరిగినది. చెట్టు అధికమాసము నెరుగదు. కావున ఏ తిథిని పట్టుకొన్నను ఋతుచిహ్నము దానికి సరిగా అతుకదు. ఒకయేడు ముందు, ఒకయేడు వెనుక.

పల్లెసీమలలో ఈ చిహ్నములు కనబడు క్రమము వేరు. ప్రాంతభేదమును, సంవత్సరభేదమును మినహాయించి చెప్పినచో, పుష్యమాఘములలో చలి ఇంకను ముదిరియుండగనే మామిడి పూయును. ఆ పూతకు పట్టు తెగులుకు రైతులు పెట్టిన పేరు ‘తేనెమంచు’. అది నిజమునకు మంచు కాదు, పూగుత్తులపై చేరు పురుగులు విసర్జించు తీపిజిగురు. ఆకులపై పడి మంచువలె మెరయును. చలికాలపు మాటయు, పూవుల మాటయు ఒకే పదమున కలిసిన ఇట్టి పలుకుబడి ఏ కావ్యమునను నాకు కానరాలేదు. పిమ్మట ఆకులన్నియు రాల్చిన బూరుగుచెట్టు ఎఱ్ఱని దళసరి పూవులు తాల్చును. గోరువంకలును కాకులును తేనెకై దానిపై మూగును. మాఘాంతమున మోదుగ మొగ్గలు నల్లగా కనిపించి, ఫాల్గుణమున విచ్చును. రావి పాతయాకులు రాల్చి రాగివన్నె చిగురు తొడుగును. శీతకాలమున మూగవోయిన కోకిల ఈ దినములలోనే తడబాటుతో మరల కూయనారంభించును. వేపపూవు, గానుగపూవు వీనికి తరువాతివి. చింతచిగురు ఇంకను ఆలస్యము.

ఈ చిహ్నములన్నిటిని ఎరిగిన పల్లెవారు వసంతమునకు ప్రత్యేకముగా ఒక కాలము నేర్పరచుకొనలేదు. వారి వాడుకలో ఉన్నవి వానకాలము, చలికాలము, ఎండకాలము మాత్రమే. మాఘమాసపు చలి మంటలో పడినను తీరదని వారే అందురు. మహాశివరాత్రితో చలి శివనామము స్మరించుచు వెడలిపోవునని మరల వారే అందురు. ఆ రెండు మాటలకును నడుమనున్న మూడునాలుగు వారములే పల్లెవారి వసంతారంభము. వైదికకర్మలలోని చాతుర్మాస్యములు మూడును ఫాల్గుణ, ఆషాఢ, కార్తిక పూర్ణిమలనుండి మొదలగుట, బ్రాహ్మణగ్రంథములు ఫాల్గుణపూర్ణిమను సంవత్సరమునకు ముఖమనుట ఈ త్రికాలవిభాగమునకు సన్నిహితముగా నున్నవి. వాని కాలనిర్ణయవివాదములలోనికి ఇచట దిగ నక్కరలేదు.

గాలిని గురించి ఒక్కమాట. తెమ్మెర యను తెలుగుపదమునకు నిఘంటువులు దక్షిణపు గాలి యని అర్థము చెప్పుచున్నవి. తమిళమున తెన్ఱల్ అనునదియు దక్షిణానిలమే. రెండింటను దక్షిణవాచియైన ‘తెన్’ కనబడుచున్నది. సంస్కృతకవి మలయపర్వతము పేరు చెప్పి తెచ్చుకొన్న గాలికి దక్షిణదేశపు జనము దిక్కునుబట్టి పేరు పెట్టుకొనిరని తోచుచున్నది.

ఇక అలంకారశాస్త్రము. ఋతువర్ణనము మహాకావ్యలక్షణములలో ఒకటిగా దండి విధించెను గాని, ఋతువులు కలియు వేళను గూర్చి స్పష్టముగా చెప్పినవాడు రాజశేఖరుడు. క్రీ.శ. 900 ప్రాంతమున కన్యాకుబ్జమున ప్రతీహారరాజుల ఆస్థానమందున్న ఈయన కావ్యమీమాంస 1916లో బరోడానుండి అచ్చైనది. దాని కాలవిభాగాధ్యాయమున ఆయన ప్రతిఋతువునకును నాలుగు అవస్థలు చెప్పెను: సంధి, శైశవము, ప్రౌఢి, అనువృత్తి. రెండు ఋతువుల నడిమి కాలము సంధి. గడచిన ఋతువు లక్షణములు రాబోవు ఋతువున కొంతకాలము వెన్నాడుట అనువృత్తి. చలి వీడకుండుటయు, మామిడి మొగ్గ తొడుగుటయు ఏకకాలమున జరుగుటకు ఇంతకంటె చక్కని పరిభాష మరి దొరకదు. వైద్యశాస్త్రమును ఈ కాలము నెరిగినదే. అష్టాంగహృదయము గడచు ఋతువు చివరి ఏడు దినములను, వచ్చు ఋతువు తొలి ఏడు దినములను కలిపి ఋతుసంధి యని, ఆ పక్షమున పాత ఆహారవిహారములను క్రమముగా విడిచి క్రొత్తవానిని క్రమముగా అలవరచుకొనవలెనని విధించినది.

కాని ఆ రాజశేఖరుడే అధ్యాయాంతమున మరొక మాట అనెను. దేశభేదమునుబట్టి పదార్థముల స్వరూపము మారుచుండుట కనబడుచున్నదనియు, అయినను కవి దానినట్లు వ్రాయరాదనియు, పూర్వకవులు కట్టినదే ప్రమాణమనియు ఆయన మతము. చూచినది తెలిసియు వ్రాయవలదను ఈ శాసనము మన పరిశోధనకు మిక్కిలి ముఖ్యమైనది. ఒక చేత ఋతుసంధిని ఇచ్చి మరొక చేత దానిని చూచు కన్నును మూయించుటయే ఇది! మన ప్రబంధకవులు ఈ గ్రంథమును చదివిరనుటకు ఆధారము చూపలేము గాని, వారి పద్ధతి మాత్రము ఇదియే.

రాజశేఖరునికి చాల ముందు, ఈ కట్టుబాటు ఇంకను బిగియని కాలమున కూర్చబడినది గాథాసప్తశతి. శాతవాహనుడైన హాలుని పేర ప్రసిద్ధమైన ఈ ప్రాకృతసంకలనమున తరువాతి చేర్పులున్నవని పండితులు నిరూపించిరి. అయినను దక్కనుపల్లెల జీవనమునకు ఇంతటి ప్రాచీనసాక్ష్యము వేరొకటి లేదు. ఒక గాథలో మాఘమాసమున ఒక పామరుడు తాను కప్పుకొను వస్త్రము నమ్మి ఎద్దును కొనును. యౌవనవతియైన భార్య ఉండగా పొగలేని ఊకనిప్పువంటి వెచ్చదనము చాలునని అతని ధైర్యము. ఆలంకారికులు దీనియందలి శృంగారమును మెచ్చుకొనిరి. చరిత్రకారుడు చూడవలసినది వేరు. మాఘమున చలి ఉన్నది, కావుననే వస్త్రమునకు విలువ ఉన్నది. ఎద్దు అవసరము రాబోవు పనికాలమునకు. పోవు ఋతువునకు చెందిన వస్తువును వచ్చు ఋతువునకు చెందిన వస్తువుతో మార్చుకొనుచున్నాడు ఆ కాపు. రాజశేఖరుడు సంధి యని పేరు పెట్టినది ఇట్టి కాలమునకే. మరికొన్ని గాథలలో మామిడిమొగ్గను చూచి పథికుని భార్య కలతచెందుట, ఫాల్గుణోత్సవమున బురద చల్లుకొనుట కలవు. ఉత్సవము ఫాల్గుణమునదే; పూసినది మామిడి; చల్లుకొన్నది పన్నీరు కాక పల్లెబురద. శ్రీనాథుడు యౌవనమున ఈ సప్తశతిని తెనిగించెననుట ప్రసిద్ధము. ఆ తెనుగు మనకు దక్కకపోవుట మన సాహిత్యమునకు కలిగిన నష్టములలో చిన్నది కాదు. ఈ పల్లెఋతువులు తెలుగుపద్యమున ఎట్లు పలికినవో తెలిసికొను మార్గము దానితో పోయినది.

తెలుగుకావ్యములలో వసంతము సంధి లేకుండ ప్రౌఢితోనే ప్రవేశించును. మానవల్లి రామకృష్ణకవి 1909లో వెలువరించిన నన్నెచోడుని కుమారసంభవమున వసంతము మన్మథునికి తోడుగా వచ్చును. కాళిదాసుని కథలోనే అది అకాలవసంతము. శివుని తపోవనమున ఒక్కుమ్మడిగా విచ్చినది. దైవప్రేరితమైన దానికి సంధి ఉండనక్కరలేదు. చిక్కేమనగా ఆ అకాలవసంతమే తరువాతి ప్రబంధములకు సకాలవసంతమైపోయినది. చిగురు, తుమ్మెద, కోకిల, మలయానిలము అన్నియు ఒకేనాడు దండు కదలినట్లు కదలివచ్చును. పల్లెసీమల వానకాలమును ఆముక్తమాల్యదలో అంత సూక్ష్మముగా చూచిన కృష్ణదేవరాయల కాలమునందును వసంతవర్ణనమున ఈ పద్ధతియే ప్రబలమై యుండెను. ఋతువులన్నిటిలో వసంతముపై రాజాస్థానపు ముద్ర అధికమగుటయే ఇందుకు కారణమని నా అభిప్రాయము. కొండవీటి కుమారగిరిరెడ్డి కర్పూరవసంతరాయబిరుదాంకితుడు. ఆయన వసంతోత్సవములకు సుగంధద్రవ్యములను సమకూర్చిన అవచి తిప్పయసెట్టికి శ్రీనాథుడు హరవిలాసము నంకితమిచ్చెను. ఆ కర్పూరాదులు ఓడలపై ద్వీపాంతరములనుండి వచ్చినవి. 1420 ప్రాంతమున విజయనగరమును చూచిన ఇటలీయాత్రికుడు నికొలో కాంటీ, ఒక పండుగలో కుంకుమపూనీటిని రాజునకును రాణికిని సైతము చల్లుట వర్ణించెను. ఇట్టి వసంతమునకు చెట్టు పూయుటతో పని లేదు. సరకు రేవుకు చేరిన చాలును.

ఇంగ్లండులో నార్ఫోకుసీమలోని స్ట్రాటన్ స్ట్రాలెస్ గ్రామభూస్వామి రాబర్టు మార్షము 1736నుండి వసంతచిహ్నములను 27 రకములుగా గుర్తించి, ఏటేట తేదీలు వ్రాసియుంచెను. చలి విడువని దినములలో తొలి పూవు, కప్పల కూత, వానకోవెల రాక అన్నియు అందు కలవు. 1789లో రాయల్ సొసైటీ పత్రికలో అవి ప్రకటింపబడినవి. ఆయన వంశీయులు 1958వరకు ఆ పట్టికను సాగించిరి. జపానులో క్యోటోనగరపు చెఱ్ఱీపూవుల తేదీలు తొమ్మిదవ శతాబ్దినుండి దినచర్యలలో దొరకుచున్నవి. మనకట్టి పట్టికలు లేవు. శాసనములు తిథివారములను చెప్పును గాని చెట్టు మాట చెప్పవు.

తిథియు పూవును ఒకచోట ముడిపడినవి, పూవే ద్రవ్యమైన ఆచారములలో మాత్రమే. తెలంగాణమున కాముని పున్నమకు మోదుగపూవులను ఉడికించి రంగు తీయుదురు. పూవు లేక రంగు లేదు. ఉగాదికి వేపపూవు, మామిడికాయ రెండును కావలెను. ధర్మశాస్త్రనిబంధములు ఫాల్గుణబహుళపాడ్యమినాడు చూతకుసుమప్రాశనము, అనగా మామిడిపూత నారగించుట, విధించినవి. కొన్ని పంచాంగములు నేటికిని ఆ పేరును అచ్చువేయుచున్నవి. ఆ తిథి 2026లో మార్చి 4న వచ్చినది. అప్పటికి పూత దొరకుట కష్టము కాదు. 2024లో అదే తిథి మార్చి 26న వచ్చినది. మార్చి చివరివారమున మన తోటలలో సాధారణముగా కొమ్మకు పూవుకంటె పిందెయే హెచ్చు.